ముందటి ఇల్లు

గురువారం మధ్యాహ్నం మూడింటికి మోండా మార్కెట్ వెనక ఉన్న సమాజ మందిరంలో పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుంటారు. అందరూ భర్తలు పోయినవాళ్లు. భోకర్ వైపు పల్లెల నుంచి నాందేడ్ వచ్చి గోదాముల్లో పసుపు కొమ్ములు ఏరుతున్నారు. వాళ్ల కోసం వచ్చే కార్యకర్త మరాఠీ ఆమె. అందరూ తాయి అంటారు. బజారులో బేరానికి, బస్సులో సీటుకు ఈ ఆడవాళ్ల మరాఠీ సరిపోతుంది. కళ్లు మూసుకుని రాబోయే బతుకును చూడమంటే సరిపోదు. అందుకని తాయి మాటలను మా అక్క తెలుగులో చెప్పేది. ఆరేళ్లు చెప్పింది.

అక్క పోయిన రెండు నెలలకు తాయి నన్ను రమ్మని అడిగింది. నేను ఒప్పుకున్నది ఆ పని మీద నమ్మకంతో కాదు. కళ్లు మూసుకుంటే బతుకు మారుతుందని చెప్పే పుస్తకాలు నేను పని చేసే కాలేజీ లైబ్రరీలో ఒక అర నిండా ఉన్నాయి. తొందరగా చిరిగిపోయేవీ అవే. ఒక్కటి కూడా నేను చివరిదాకా చదవలేకపోయాను. ఆ సంగతి అక్కతో అంటే, చదవకు, ఒకసారి వచ్చి కూర్చో అనేది. ఆమె ఉన్నన్ని రోజులు నేను వెళ్లలేదు.

మొదటి గురువారమే నాకు చిన్నక్క అని పేరు పెట్టారు. నేను ఎవరినో ఎవరూ అడగలేదు. మొహం చూసి తెలుసుకున్నారట.

కిటికీ పక్కన కూర్చున్న ఒకామె సంగతి తాయి నాకు ముందే చెప్పి ఉంచింది. ముప్పై రెండేళ్లుంటాయి. ఊళ్లో ఉన్న ఆమె బావ, అంటే భర్త అన్న, ఆ ఆదివారం టెంపో తీసుకొచ్చి ఆమెను, ఆమె సామానును తిరిగి ఊరికి తీసుకుపోతాడు. అత్తకు చేతకావడం లేదు, ఇంట్లో మనిషి కావాలి. ఆమె కూతురు ఇక్కడ ఏడో తరగతి. ఊళ్లో బడి ఏడుతోనే ఆగిపోతుంది. వెళితే వచ్చే ఏడు ఆ పిల్ల పత్తి చేనుకు పోతుంది. ఇది ఆమెకు తెలుసు. అయినా బావ ఫోన్ చేసినప్పుడు కాదనలేదు. సరే అని కూడా అనలేదు. ఊఁ అన్నది. అతను దాన్ని సరే అనుకుని టెంపో మాట్లాడాడు.

తాయి అందరినీ గోడకు ఆనుకుని కూర్చోమన్నది. ఊపిరి నెమ్మదిగా తీసుకోమన్నది. తరువాత “పుఢచం ఘర్ బఘా” అన్నది. కాలం గురించి మాట్లాడేటప్పుడు మరాఠీలో పుఢే అంటే ఇక మీదట అనే. నేను ఆలోచించకుండా “మీ ముందటి ఇల్లు చూడుండ్రి” అన్నాను. తెలుగులో ముందు అనే మాట అటు జరిగిపోయినదానికీ ఇటు రావలసినదానికీ కూడా పనికొస్తుందని నాకు అప్పుడు తట్టలేదు. పుస్తకాల మధ్య పాతికేళ్లుగా పని చేస్తున్నదాన్ని.

వాళ్లు కళ్లు మూసుకున్నారు. తాయి చెప్పిందని నేనూ మూసుకున్నాను. ఐదు నిమిషాల తరువాత ఏం కనిపించిందో చెప్పమన్నది.

అందరికంటే పెద్దామె మొదలుపెట్టింది. “నా ఇంటి ముందట ఆటోవాలా ఇల్లున్నది. ఆయన పెండ్లాం నన్ను చూస్తే తలుపేసుకుంటది. ఆ ఇంట్ల ఏం చూడాలె చిన్నక్కా?”

అందరూ నవ్వారు. తరువాత మిగిలినవాళ్లు ఒక్కొక్కరే చెప్పారు. ఒకామెకు భర్త ఎద్దులకు నీళ్లు పెడుతూ కనిపించాడు. ఒకామెకు పెళ్లయిన కొత్తలో అలికిన గోడ. ఒకామె చెప్పలేక కొంగుతో మొహం తుడుచుకుంది. నేను అన్నీ మరాఠీలో చెబుతున్నాను. మూడో మనిషి దగ్గర తాయి రాసుకోవడం ఆపి, నువ్వు వాళ్లను ఏమి చూడమన్నావు అని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె పెన్నుకు మూత పెట్టింది.

తప్పు నాదని ఆడవాళ్లతో చెప్పాను. అక్క ఏమనేదో వాళ్లే చెప్పారు. ఇంకా కట్టని ఇల్లు అనేదట. నాకు ఈ జన్మలో తట్టని మాట.

తాయి మళ్లీ మొదలుపెడదామన్నది. కిటికీ పక్కన ఆమె ఒప్పుకోలేదు. తను చూడవలసింది చూశానన్నది.

“అందరు కనవడ్డరు. అత్త గడప మీద కూసున్నది. మా ఆయన మంచం మీద ఉన్నడు. బావ పిల్లలు అన్నం తింటున్నరు. నేనే ఏడ లేను. మస్తు ఎతికిన.”

“పొయ్యికాడ చూసినవా?” అని పెద్దామె అడిగింది.

“చూసిన. పొయ్యి మండుతున్నది. మనిషి లేదు.”

నీ కండ్లతో నిన్ను నువ్వు ఎట్ల చూస్తవే, అద్దం పట్టుకొని పోయినవా అని పక్కనామె అన్నది. మళ్లీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ ప్రశ్న సరైనదేనని నాకూ అనిపించింది. కానీ నాకు కనిపించిన ఇంట్లో నేనున్నాను. మా చిన్నప్పటి దుకాణం వెనక గదిలో అక్క పాత మరాఠీ పేపర్లతో బడి పుస్తకాలకు అట్టలు వేస్తున్నది. పేపరు జారకుండా అంచు నొక్కి పట్టుకున్నది నేనే. ఇది తాయికి చెప్పలేదు. ఆమె అడగలేదు.

చాప చుడుతుంటే కిటికీ ఆమె నా దగ్గరికి వచ్చింది. “ఐతారం నువ్వు రా చిన్నక్కా. ఏం మాట్లాడకు. ఊకె కూసో.”

ఆదివారం పదింటికి ఆమె ఇంటికి వెళ్లాను. ఒకటే గది. సామాను కట్టలేదు. కూతురు గుమ్మంలో కూర్చుని లెక్కలు చేస్తున్నది. పదకొండు దాటాక టెంపో వచ్చింది. బావ మంచివాడిలాగే ఉన్నాడు. వస్తూ పిల్లకు అరటిపళ్లు తెచ్చాడు. కట్టని సామాను చూశాడు, నన్ను చూశాడు, నేను ఎవరని అడిగాడు. అక్క అని ఆమె చెప్పింది. చాయ్ ఇచ్చింది. అతను సగం తాగేదాకా ఆగింది.

“నేను రాను బావా.”

అతను కప్పు కింద పెట్టాడు. “మేమేం తక్కువ చేసినం నీకు?”

“మీరేం తక్కువ చెయ్యలే. అత్తను ఈడికి తోలియ్యుండ్రి, నేను చూసుకుంట. ఆ ఇంట్ల నేను లేను.”

అతనికి అర్థం కాలేదు. కోపంగా నా వైపు తిరిగి, మీరన్నా చెప్పుండ్రి అన్నాడు. మాట్లాడవద్దని ఆమె చెప్పింది కాబట్టి నేను మాట్లాడలేదు. పిల్ల అతన్ని ఒక లెక్క అడిగితే, నాకు రాదు బిడ్డా అన్నాడు. తరువాత లేచి, తల్లి సంగతి ఇంట్లో అడిగి చూస్తానన్నాడు. ఊఁ అనే ధోరణిలోనే అన్నాడు.

టెంపో ఖాళీగా ఎందుకు పోవాలని, మోండా దగ్గర ఆగి దాణా బస్తాలు ఎక్కించుకున్నాడట. ఆ సంగతి తరువాతి గురువారం పెద్దామె చెప్పింది. ఆ రోజు తాయి పుఢచం ఘర్ అన్నప్పుడు నేను అక్క మాట వాడాను.