మామ్మ గలిజేరు పీకేసిన రోజు

మా చిన్నప్పుడు... తెల్లవారేసరికి మా పెరటి తడిక దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. ఒకరికి దగ్గు, ఒకరి బిడ్డకి కడుపునొప్పి, జీడిపిక్కలు ఒలిచి ఆ సొనకి వేళ్ళు పొక్కిన ఆడవాళ్ళు ఇంకొందరు... అందరూ మా మామ్మ కోసమే. మామ్మంటే మా నాన్న తల్లి, దాలమ్మ.

సోంపేట దగ్గర కొబ్బరితోటల మధ్య ఊరు మాది. పెరట్లో చిల్లుపడ్డ బిందెల్లో వామాకు, తులసి, కలబంద... తడిక వెంబడి వావిలి... బావి గట్టు పక్కన నేలంతా పాకిన తెల్ల గలిజేరు, వాపులకి మంచిదని ఊరంతా నమ్మే ఆకు. పొద్దున్నే వాటికి నీళ్ళు పొయ్యడం నా పని. ఒక్కరోజు ఎగ్గొడితే మామ్మ నాకు గంజి కూడా పోసేది కాదు. "మొక్క దాహంగా ఉంటే నీకెందుకే గుంటా గంజి?" అనేది. అంత మొండి మనిషి!

నాకు పదేళ్ళప్పుడు నాన్న కాళ్ళు వాచాయి. తోట నుంచి వచ్చి చెప్పులు విప్పితే ఆ పట్టీల గుర్తు పడుకునే వేళకి కూడా పోయేది కాదు. మామ్మ ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో నొక్కింది. గుంట పడింది... ఎంతసేపటికీ పూడలేదు. మామ్మ ముఖం మాడిపోయింది.

"రేపు పలాస ఎల్లి రగతం పరీచ్చ సేయించుకోరా" అంది.

నాన్న నవ్వేశాడు. "నీ గలిజేరుండగా ఆసుపత్రెందుకమ్మా? ఊరందరికీ తగ్గింది, నాకు తగ్గదా?"

"ఊరందరికీ తగ్గింది దగ్గూ పడిశెమూరా. ఇది అది కాదు. దీనికి నా దగ్గిర ఆకు నేదు."

మా ఉద్దానం పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఆ మాట అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. మా వీధిలోనే కిడ్నీల జబ్బుతో పోయినవాళ్ళున్నారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే ఆ రక్తపరీక్షని మా వైపు ‘సీరం’ అంటారు. ‘సీరం పెరిగిందట’ అంటే చాలు, ఎదుటివాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

నాన్న వెళ్ళలేదు. ఈ వారం కొబ్బరి దింపు అన్నాడు, వచ్చే వారం ఇంకేదో పని అన్నాడు. మామ్మ లేనప్పుడు మాత్రం నన్ను పిలిచి, "దోసెడు గలిజేరు కోసుకురా తల్లీ... మామ్మకి సెప్పకు" అనేవాడు. నేనే కోసేదాన్ని. నేనే రోట్లో నూరి పసరు పిండి గ్లాసులో పోసి ఇచ్చేదాన్ని. నాన్నకి నేనే వైద్యం చేస్తున్నానని ఎంత గర్వమో నాకు! అలా ఇరవై రోజులు గడిచాయి. వాపు కాళ్ళ నుంచి ముఖానికెక్కింది.

ఓ ఉదయం బావి గట్టు దగ్గర మామ్మ నిలబడిపోయింది. గలిజేరు చివుళ్ళన్నీ తెగి ఉన్నాయి. నా వైపు చూసింది. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నాన్నే కొయ్యమన్నాడు మామ్మా" అనేశాను.

తిట్టలేదు. లోపలికెళ్ళి గునపం తెచ్చింది.

గలిజేరు వేరు మహా లోతు. తీగ పీకితే సరిపోదు, వేరు మిగిలితే వానకి మళ్ళీ లేస్తుంది. మామ్మ చీర చెంగు బిగించి ఒక్కో వేరూ తవ్వింది. అమ్మ పరుగెత్తుకొచ్చింది. "అత్తా, ఏటి సేత్తన్నావు? కూరకైనా ఉంచు!"

"కూరా వద్దు, నారా వద్దు. తప్పుకో!"

మధ్యాహ్నానికి బావి గట్టు బోడిగా మిగిలింది. తవ్విన గలిజేరంతా ఆవుకి వేసేసింది. నాన్న తోట నుంచి వచ్చి నోరు తెరిచి నిలబడ్డాడు.

"ఏటమ్మా, పిచ్చెక్కిందా?"

"ఎక్కింది. నాకు ఆకులు తెలుసునన్న దీమాతో నా కొడుకు సచ్చిపోతే, ఈ పెరడెందుకు, నానెందుకు? రేపు నువ్వు ఎల్తావా, నన్నే నిన్ను మోసుకెల్లమంటావా?"

నాన్న అరుగు మీద కూలబడ్డాడు. "బయమేత్తందమ్మా" అన్నాడు. "పరీచ్చకెల్లి మామూలు మనిసిలా తిరిగొచ్చినోడు మనూల్లో ఎవుడున్నాడు?"

మా నాన్న భయపడతాడని నాకు ఆ రోజే తెలిసింది. మామ్మ మట్టి చేతులతోనే ఆయన తల నిమిరింది.

"నాకూ బయమే నాయనా. ఇద్దరం ఎల్దాం."

మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళారు. సీరం పెరిగే ఉంది. కానీ మరీ చెయ్యి దాటిపోలేదని, సరైన వేళకే వచ్చారని డాక్టరు అన్నాడట. ఇంకో రెండు నెలలు పసర్లు తాగుతూ కూర్చుంటే ఏమయ్యేదో! బీపీ మందులు, ఉప్పు తగ్గించిన కూడు, తప్పకుండా పరీక్షలు... నాన్న గొణుక్కుంటూనే అన్నీ చేశాడు. మామ్మ చేయించింది.

ఆ తర్వాత కూడా మా తడిక దగ్గరికి జనం వస్తూనే ఉండేవారు. దగ్గుకి వామాకు ఇచ్చేది, పొక్కిన వేళ్ళకి కలబంద రాసేది. వాచిన కాళ్ళతో ఎవరైనా వస్తే మాత్రం, "సీరం సూపించుకున్నావా?" అని గట్టిగా అడిగేది. లేదంటే అక్కడికక్కడే చెయ్యి పట్టుకుని బస్సు దాకా లాక్కెళ్ళేది. కొందరు తిట్టుకున్నారు కూడా. ఆవిడ ఒకరి మాట వింటేగా!

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాన్న ఉన్నాడు... నిన్న కూడా ఉప్పు చాలలేదని అమ్మతో గొడవ పెట్టుకున్నాడు.

నేనిప్పుడు టెక్కలిలో ఉంటున్నాను. మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ‘కిడ్నీలకు దివ్యౌషధం’ అని ఒక ఆకు ఫొటో వచ్చింది. కింద ముప్పై దండాలు! ‘ముందు రక్తపరీక్ష చేయించుకోండి’ అని రాశాను. ఒక్కరూ పలకలేదు. రేపూ రాస్తాను, ఎల్లుండీ రాస్తాను... దాలమ్మ మనవరాలిని మరి!

ఈ రోజుల్లో ఫోన్ తెరిస్తే ప్రతి రోగానికీ ఓ ఆకు దొరుకుతోంది... ‘ఇది నా వల్ల కాదు, పద ఆసుపత్రికి’ అని లాక్కెళ్ళే మనిషే దొరకడం లేదు.

మీ పెరట్లో ఏ ఆకులుండేవో రాయండి... ఏ రోజు ఆ ఆకు వద్దని మీ పెద్దవాళ్ళు గదిమారో, అది కూడా రాయండి.