గుంతకు ఉద్వాసన చెప్పిన మేనత్త

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. పొద్దున్నే దుకాణం తెరిచి, పటాలకు దండలు వేసి, చాయ్ తాగి, ఒంట్లో నలతగా ఉందని వెనక గదిలో నడుం వాల్చిందట. మళ్ళీ లేవలేదు. ఫోన్‌లో ఆ మాట చెప్పిన మా బావ ఏడుస్తూనే, "నిన్న గూడ వార్డు ఆఫీసుకు పోయొచ్చింది రా" అన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆమె వెళ్ళని వారం ఉంటే ఆఫీసువాళ్ళే కంగారుపడి కబురు చేసేవారు.

హైదరాబాదు కార్వాన్‌లో మా మేనత్తది పూజాసామాన్ల దుకాణం. మామయ్య పోయాక తనే గల్లా దగ్గర కూర్చుంది. పసుపు, కుంకుమ, కర్పూరం, ముగ్గుపిండి, కొబ్బరికాయలు, గుడిమల్కాపూర్ నుంచి తెల్లారేసరికి దిగే బంతిపూలు. ఇన్నిటి మధ్య కూర్చున్న మనిషికి దేవుడి కంటే రోడ్డు మీదే ధ్యాస ఎక్కువ. బేరం ఆడుతూనే ఒక కన్ను బయట వేసి ఉంచేది. ఎవరి కాలైనా తట్టుకుంటే చాలు, తూకం అలాగే వదిలి లేచేది. "గుంత చిన్నదే ఉంటది బిడ్డా. అందుల ఇరిగిన కాలే పెద్దగైతది" అనేది.

ఫోటో తీసి ఫోన్‌లోనే ఫిర్యాదు పంపడం ఆమెకు నేనే నేర్పాను. ఆ తర్వాత నా ప్రాణం తీసింది, అది వేరే సంగతి. మొదట్లో పంపిన ఫోటోలు చూసి, ఇది చిన్న పగులే కదమ్మా అన్నారట ఆఫీసువాళ్ళు. అప్పట్నుంచి ఏ గుంతనైనా అందులో ఓ కొబ్బరికాయ పెట్టి ఫోటో తీసేది. "టేపు పెడితె అంకెలు ఎవడు సూస్తడు? కొబ్బరికాయ ఎంతుంటదో తెల్వనోడు ఉన్నడా?" అనేది. బాగుచేసేదాకా ఎవరూ అందులో పడకుండా చుట్టూ ముగ్గుపిండితో గీత గీసేది. ఉత్త తెలుపు దుమ్ములో కనబడదని దాంట్లో ఇంత పసుపు కలిపేది.

ఆఫీసులో ఆమె గొంతు పెంచగా ఎవరూ వినలేదు. పెట్రోల్ బంకులో, బ్యాంకులో, ఎక్కడ పడితే అక్కడ లొల్లి పెట్టుకునే నాకు అదొక వింత. అడిగితే, "అడుగుడు ఆపొద్దు, తిట్టుడు షురూ చెయ్యొద్దు. తిడితె వాడు మొఖం దాసుకుంటడు. ఆగేది మన పనే" అంది. ఆ మాట విని తలూపానే గానీ నా నోరు ఇప్పటికీ మారలేదు.

నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెప్పాలి. ఆమె దుకాణానికి కాస్త అవతల, వైరు కుర్చీలు అల్లే భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయనకు చూపు లేదు. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి, గోడవారగా ఫుట్‌పాత్ మీద కర్ర తాటించుకుంటూ ఒక్కడే నడుస్తాడు. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే ఊరుకోడు. ఆ దారిలోనే మురుగు మోరీ మీద కప్పిన బండ విరిగింది. పొద్దున మామూలుగా వస్తున్న మనిషి మోకాలి దాకా అందులో దిగబడ్డాడు. కట్టు కట్టించాక ఆయన కొడుకు, ఇక ఇల్లు దాటొద్దు అబ్బా అని తేల్చేశాడు. ఆ మాట చెప్పడానికి భాయ్ కొడుకు చెయ్యి పట్టుకుని మా మేనత్త దగ్గరికి వచ్చాడు. ఆయన అలా చెయ్యి పట్టుకుని రావడం నేను మొదటిసారి చూశాను.

"రహెనే దో బెహెన్, ఘర్‌మేచ్ బైట్ జాతుం" అన్నాడు, ఇక వదిలెయ్, ఇంట్లోనే కూర్చుంటానని.

"ఇంట్ల కూసొని ఏం జేస్తవ్ భాయ్, గోడలు తడుముతవా? జరా ఆగు. బండ వడ్డంక నువ్వే నడిసి రా" అంది మేనత్త.

అప్పటికే మబ్బులు పడుతున్నాయి. వాన మొదలైతే ఆ గుంతలో నీళ్ళు నిండి, కళ్ళున్నవాళ్ళకు కూడా కనబడదు. మేనత్త ముగ్గు గీసి, కాయ పెట్టి, ఫోటో పంపింది. కొన్నాళ్ళకు ఫోన్‌కు సందేశం వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. చూస్తే గుంత గుంతలాగే ఉంది. నేను చొక్కా చేతులు మడిచాను. ఆమె నన్ను వెనక నిలబెట్టి, ఆఫీసులో సారు ముందు ఫోన్ పెట్టి, "పనైందన్నరు సార్. మస్తు సంతోషం. బండ యాడ ఏసిన్రో జర సూపియ్యుండ్రి, మా గల్లీలనైతె నాకు కండ్లవడ్తలేదు" అంది. గదిలో అందరూ నవ్వారు. ఆఖరికి సారు కూడా నవ్వేసి, మనుషుల్ని పంపుతానన్నాడు.

పంపాడు కూడా. కానీ ఈలోగా ఇంకో చిక్కు వచ్చి పడింది. ఇంజనీరు వస్తే కొలత తెలియాలని మేనత్త కొబ్బరికాయను గుంతలోనే ఉంచింది. పసుపు గీత, మధ్యలో కాయ. ఎవరో ఒక బంతిపువ్వు వేసి దండం పెట్టారు. మర్నాడు ఇంకెవరో అగరుబత్తి గుచ్చారు. ఆటోవాళ్ళు కళ్ళకద్దుకుని మరీ పక్కనుంచి పోవడం మొదలుపెట్టారు. ట్రాక్టరులో సిమెంటు బండ దిగేసరికి గుంత పూలతో నిండి ఉంది.

పనివాళ్ళు గడ్డపారలు కింద పెట్టేశారు. "పూజైన జాగమ్మా. మేం ముట్టం" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. చేరిన జనం కూడా అదే పాట. ట్రాక్టరు వెనక్కి పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. భాయ్ కొట్టుకు తాళం వేసే ఉంది. మేనత్త ముఖం జేవురించింది. ఇప్పుడు తిట్లు మొదలవుతాయనుకున్నాను. ఆమె గిరుక్కున లోపలికి వెళ్ళి కర్పూరం తెచ్చింది. హారతి ఇచ్చింది. నోము అయ్యాక కలశాన్ని కదిపినట్టు, వంగి ఆ కాయను ఉత్తరం వైపు ఇంత జరిపింది.

"ఉద్వాసన చెప్పిన. ఎవలొచ్చి కూసున్నరో గాని, ఎల్లిపోయిన్రు. ఇగ బండ ఎయ్యుండ్రి."

అక్కడే కాయ కొట్టి ముక్కలు పనివాళ్ళ చేతుల్లో పెట్టింది. పెద్దాయన ముక్క కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకుని, గడ్డపార అందుకున్నాడు. చీకటి పడకముందే బండ పడింది. లోపలికొచ్చి మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ కూలబడింది.

"తప్పు కాదా అత్తమ్మా?" అన్నాను.

"గుంతను దేవుణ్ణి చేసింది వాళ్ళు. మర్యాదగ సాగనంపింది నేను. ఇందుల తప్పేముంది?"

చదువుకున్నాననీ, లోకం చూశాననీ అనుకునే నేను ఆ రోజు వాళ్ళతో వాదించి ఉంటే బండ పడేది కాదు. ఎదుటి మనిషిని చిన్నబుచ్చకుండా పని చేయించుకోవడం ఎలాగో నేను చూసింది ఆమె దగ్గరే. ఇంత మనిషికి మేనల్లుణ్ణి కావడం నా అదృష్టం.

పోయిన వారం పాడె లేచేసరికి భాయ్ వచ్చి నిలబడ్డాడు. కొడుకు చెయ్యి అందిస్తే వద్దన్నాడు. మేం రోడ్డు మీద నడుస్తుంటే, ఆయన పక్కనే ఫుట్‌పాత్ మీద, గోడవారగా, కర్ర తాటిస్తూ మాతోపాటు వచ్చాడు. ఆ బండ దగ్గరికి రాగానే ఆగాడు. కర్ర తీసి చంకలో పెట్టుకున్నాడు. తల పైకెత్తి, ఉత్త చేతులతో, తడుముకోకుండా దాని మీదుగా నడిచాడు.