వెనుకవైపు

మనవాళ్లు మగ్గాల పనికి వలసపోయిన గోడాదరాలో, మా పక్కింట్లో ఉండే మామ మరమగ్గం నడిపేవాడు. ఏ గుడ్డ చేతికొచ్చినా తిరగేసి చూసేవాడు. "ముడులన్నీ ఎనకనే ఉంటయ్‌రా," అనేవాడు.

కూతురు ప్రైవేటు కాలేజీ అద్దాల మేడ చూసి మురిసిపోతే, ఆయన వెనుక గేటు దగ్గర నిలబడి పిల్లల్ని అడిగాడు: "ఫీజు కట్టినంక మల్ల ఏమేం అడుగుతున్నరు బిడ్డా?"

చివరికి సర్కారు కాలేజీలో చేర్చాడు. పుస్తకాలకూ బస్సు పాసుకూ రెండో షిఫ్టు ఒప్పుకున్నాడు. ఆమె చదువు పూర్తయ్యేసరికి, మగ్గాల హోరుకు ఆయన చెవులు దాదాపు పోయాయి.

పట్టా తెచ్చి ఇస్తే, అలవాటుగా తిరగేశాడు.

"అటుదిక్కు ఏం లేదు బాపూ!" అని ఆమె అరిచింది. ఆయనకు వినపడలేదు. ఆ తెల్లకాగితాన్నే వేళ్లతో తడుముతున్నాడు.

ఇంకోసారి అరవబోయి, ఆయన చెవుల వైపు చూసి ఆమె ఆగిపోయింది.