బావ జీపు ఎందుకు వణికింది

మా చుట్టాలు నలుగురు చేరితే నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. మా బావకు వయసు మీదపడి, క్లచ్ సరిగ్గా వదలలేక జీపు పాడుచేశాడట. నేను శబ్దం వినగానే జబ్బు కనిపెట్టి బాగుచేయించానట. ఈ కథలో జీపు ఒక్కటే నిజం. మిగతాది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. పోర్టులో లారీలు నడిపి రిటైరయ్యాడు. తర్వాత మోజుపడి పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఒకటి కొన్నాడు. అందులో గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది. అది లాగితే ముందు చక్రాలకు కూడా ఇంజన్ బలం అందుతుంది. ఆ రాడ్డు మీద నాకు ఎప్పటినుంచో కన్ను. బావ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

బావ గొప్పంతా ఒక టీ గ్లాసులో ఉండేది. నిండు గ్లాసు డాష్‌బోర్డు మీద పెట్టి బండి కదిపేవాడు. "నా కాలు క్లచ్చి మీంచి లెగిసిందో లేదో టీకే తెలీదురా" అనేవాడు. నిజంగానే చుక్క తొణికేది కాదు.

ఒక ఆదివారం బావ ఊళ్ళో లేనప్పుడు, చేపలకని అక్కకు చెప్పి జీపు తీసుకుని జాలరిపేట వెళ్ళాను. ఒడ్డున ఒక పడవ తడి ఇసుకలో కూరుకుపోయి ఉంది. పదిమంది కుర్రాళ్ళు తోస్తున్నారు, అది కదలడం లేదు. నాకేదో పూనింది. "తప్పుకోండి, ఇది ఫోర్ వీల్ డ్రైవ్" అన్నాను. స్టీలు ప్లాంటులో ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ గొంతుతో నేను ఒక్క మాట మాట్లాడి ఎరుగను. తాడు కట్టారు. పొట్టి రాడ్డు లాగాను, ఇంజన్ గట్టిగా రేస్ చేసి క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. జీపు ఎగిరిపడింది. కింద ఎక్కడో టప్పుమంది. పడవ మాత్రం వచ్చేసింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక ముసలామె నా చెయ్యంత పొడుగున్న వంజరం చేప జీపులో పడేసింది. డబ్బులిస్తే తిట్టింది. ఇంటికెళ్ళి అక్కతో, బేరమాడి తెచ్చానని చెప్పాను.

ఆ మర్నాటి నుంచి జీపుకు వణుకు పట్టుకుంది. ఇంజన్ స్టార్ట్ చేసి నిలబెడితే చాలు, సీట్లూ తలుపులూ గడగడలాడేవి. తగరపువలస నుంచి చుట్టాలు వచ్చినప్పుడు బావ అలవాటుగా టీ గ్లాసు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేశాడు. గ్లాసు నడుచుకుంటూ అంచుకు వెళ్ళి, పక్కన కూర్చున్న అక్క ఒళ్ళో దూకింది.

"ఏటయ్యింది నీకు? కాళ్ళు ఒణుకుతన్నాయేటి?" అంది అక్క, కొత్త చీర దులుపుకుంటూ.

"నా కాళ్ళు కాదే, బండి ఒణుకుతంది."

"బండికేటి రోగం? మొన్న నా తమ్ముడు తోలితే బాగానే ఉంది కదా. ఏరా, అంతే కదా?"

అందరూ నా వైపు చూశారు. నేను "వయసు కదక్కా" అన్నాను. ఆ రెండు ముక్కలే. అక్క తాళం తీసి నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి బావ ఎడమ సీటు మనిషి అయ్యాడు. నేను తోలినా బండి వణికేది, కానీ అది బావ అప్పటికే పాడుచేసిన బండని అందరూ సరిపెట్టుకున్నారు. నేను నడుపుతుంటే ఆయన కాళ్ళు ఊరుకునేవి కావు. లేని క్లచ్‌ని తొక్కుతూ, లేని బ్రేకుని నొక్కుతూ వచ్చేవాడు. జోకులు మానేశాడు. నేను మాత్రం రోడ్డు వైపే చూసేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్న ఇద్దరం బీచ్ రోడ్డులో వెళ్తుంటే ముందు నుంచి టకటకమని ఒకటే మోత. ఇంజన్ ఒక పక్కకు ఒరిగి ఫ్యాన్ దేనికో కొట్టుకుంటోంది. ఎక్కడా అంటే, సరిగ్గా జాలరిపేట దగ్గరే. బండిని మెల్లగా ఇసుక అంచుకు దించాను. ఎండ అని చెప్పి తువ్వాలు తలకూ మొహానికీ చుట్టుకున్నాను. కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా.

అక్కడ పడవ ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ ఒకడున్నాడు. బానెట్ ఎత్తి, లోపలికి వంగి చూశాడు.

"మౌంటింగు పోనాది బావా" అన్నాడు మా బావతో. "ఇంజను కింద రబ్బరు దిమ్మ ఉంటాది కదా, అది సిరిగిపోనాది. అదుంటేనే ఇంజను అదురు బండికి తెలీదు. ఎవుడో బరువు కట్టి గుంజినాడు దీంతోటి."

"నానెప్పుడూ గుంజలేదే" అన్నాడు బావ. నా తువ్వాలు వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

ఆటోలో మద్దిలపాలెం పోయి కొత్త మౌంటింగు తెచ్చాను. పిడికిలంత రబ్బరు, అటూ ఇటూ ఇనప రేకులు. అది పెట్టాలంటే ఇంజన్‌ని బెత్తెడు పైకి లేపాలి. జాకీ పెడితే ఇసుకలోకి దిగిపోయింది. కింద పలక వేస్తే పలకతో సహా దిగింది.

"జాకీ ఎందుకు, మనుషుల్లేరేటి?" అని మేస్త్రీ కేకేశాడు. పడవల దగ్గర నుంచి మగవాళ్ళు లావుపాటి కర్ర పట్టుకుని వచ్చారు. వాళ్ళు పడవ ఇంజన్లు మోసే కర్ర అది. ఇంజన్‌కు తాడు చుట్టి, కర్రకు కట్టి, జీపుకి అటూ ఇటూ భుజాల మీద ఎత్తుకున్నారు. ఒక మనిషి తక్కువైతే బావ దూరాడు. రెండో పక్క నన్నూ లాగారు. మేస్త్రీ మౌంటింగు పట్టుకుని బండి కిందకు పోయాడు. "ఐసా" అని ఒకరు అంటే "ఐలేసా" అని అందరం. ఇంజన్ లేచింది. సరిగ్గా అప్పుడే ఆ ముసలామె చేపల గంపతో వచ్చింది.

"ఓలమ్మ, ఈ బండేనేటి? మా పడవ లాగినాది ఇదే కదా. ఏటి బాబూ, మూతికి గుడ్డ కట్టీసినావు? ఆ వంజరం వండుకున్నారా మరి?"

కర్ర అటు చివర బావ మొహం నాకు ఎదురుగా ఉంది. ముందు అందులో ఏమీ లేదు. తర్వాత మీసం కదిలింది. "వంజరం" అన్నాడు. "బేరమాడి తెచ్చినావురా నువ్వు." ఆయనకు నవ్వు పుట్టింది. ఆ నవ్వు ఆయన భుజంలోంచి కర్రలోకి దిగి, కర్రలోంచి నా భుజానికి వచ్చింది. నాకూ ఆగలేదు. పక్కవాళ్ళకు ఎందుకో తెలియకుండానే అంటుకుంది. ఇంజన్ తాడు మీద ఉయ్యాల ఊగుతోంది.

"నవ్వకండెహె" అన్నాడు మేస్త్రీ కింద నుంచి. "నా సెయ్యి లోపలున్నాది. బోల్టు కన్నం దొరకతన్లేదు. ఏడవండి కాసేపు."

ఏడవమనేసరికి ఇంకా నవ్వొచ్చింది. బావ కళ్ళ వెంట నీళ్ళు. "ఒరే, నా కాళ్ళు ఒణుకుతన్నాయా? సూడు, ఇప్పుడు ఒణుకుతన్నాయి" అంటున్నాడు. ముసలామె గంప దింపుకుని కూర్చుని మరీ చూసింది. ఎలా దొరికిందో, బోల్టుకు కన్నం దొరికింది.

బిగించాక టీ తెప్పించి, నడుస్తున్న ఇంజన్‌తో బానెట్ మీద పెట్టాడు బావ. గ్లాసు కదలలేదు. ఆయన దాన్ని ముద్దొచ్చే పిల్లను చూసినట్టు చూశాడు. కర్ర మోసి భుజం పట్టేసిందని ఇంటికి నన్నే నడపమన్నాడు. దారిలో, అక్కకు అంతా చెప్పేస్తానన్నాను.

"ఊరుకో. పడవ సంగతి సెప్తే సేప సంగతి కూడా సెప్పాల. మీ అక్క ఆ ముల్లులన్నీ ఇప్పుడు నీ గొంతులో గుచ్చుతాది."

గేటు దగ్గర అక్క ఇంజన్ మోత విని, "సూసినావా, నా తమ్ముడు సెయ్యేస్తే ఎలగున్నాదో" అంది. నేను నోరు తెరిచాను. బావ నా కాలు తొక్కాడు. అంత గట్టిగా ఆయన ఏ క్లచ్చూ తొక్కి ఉండడు. నేను నోరు మూశాను. అది ఆయన మంచితనం. దాన్ని వాడుకోవడం నా తప్పు. కథ అలా పుట్టి పెరిగింది. తాళం నా దగ్గరే ఉండిపోయింది.

ఈమధ్య ఒక భోజనాల్లో అందరి ముందూ నిజం చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "మీ బావ నేర్పించినాడేటి? ఎనకేసుకొస్తన్నావు" అంది అక్క. అందుకే ఇలా కాగితం మీద పెట్టాను, పెట్టి నిన్న అక్కకు చదివి వినిపించాను. చేప దగ్గరకు వచ్చేసరికి ఆమె ఆపమంది. "వంజరానికి నా దగ్గర డబ్బులు కూడా తీసుకున్నావు కదరా" అంది. అది నేను మరిచిపోయాను. అప్పుడు నమ్మింది.

తాళం నా జేబులోంచి తనే తీసి బావకిచ్చింది. నిండు గ్లాసు టీ కూడా ఇచ్చింది. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. మద్దిలపాలెం సిగ్నల్ దాకా చుక్క తొణకలేదు. అక్కడ ఆగినప్పుడు బావ నా వైపు తిరిగి, "ఆ తువ్వాలేటిరా" అని నవ్వడం మొదలుపెట్టాడు. గ్లాసు వచ్చి నా ఒళ్ళో పడింది. అది ఆయన నవ్వు వల్లే. క్లచ్ వల్ల కాదు, కాళ్ళ వల్ల కాదు. చుట్టాలు ఇంకో కథ మొదలుపెట్టకముందే అదీ ఇక్కడ రాసేస్తున్నాను.