ప్రైమర్ రంగు కారు

ఈ ఉదయం ముత్తంగి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. పక్కన కొత్త కార్లు మోస్తున్న ట్రైలర్. తెలుపు, బూడిద, నలుపు, మళ్ళీ బూడిద. రోడ్డు పక్క షెడ్డులోంచి థిన్నర్ వాసన ఘాటుగా వచ్చింది. యాదయ్య గారు గుర్తొచ్చి, కారులో ఒంటరిగా ఉన్నా నవ్వేశాను.

పాశమైలారం వెళ్ళే దారిలో ఆయనకు కార్లకు రంగులు వేసే షెడ్డు ఉండేది. కెమిస్ట్రీ డిగ్రీ పూర్తి చేసి, రంగులు కలిపే పనికి అక్కడ చేరాను. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. నాన్నగారు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసేవారు. యాదయ్య గారికి లోకంలో ప్రతి కారు రంగు మీదా ఒక అభిప్రాయం ఉండేది. దాన్ని ఎవరూ అడగక్కర్లేదు. మెరుపు లేని బూడిద రంగు కార్లు కొత్తగా వస్తున్న రోజులవి. మొదటిసారి చూసినప్పుడు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏందమ్మా ఇది? ప్రైమర్ కొట్టి, రంగు వెయ్యకుండనే అమ్మిన్రా?" అన్నారు. రంగు కింద వేసే ఆ పూత అచ్చం అలాగే ఉంటుంది మరి.

అలాంటి కారునే ఒకరోజు ఒకామె తీసుకొచ్చింది. తలుపు గీసుకుపోయింది. ఆమెకు సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల కంపెనీలో పని. యాదయ్య గారు ఊరుకోలేదు.

"ఎర్రది తీస్కుంటే ఎంత మంచిగుండునమ్మా."

ఆమె నొచ్చుకోలేదు. "పొద్దంత తెల్ల గౌను, తెల్ల గోడలే సార్. ఇంట్ల అందరు తెల్ల కారే తీస్కోమన్నరు. నాకైతే ఇది వాన పడేముందు మొగులు లెక్క కనబడ్తది. గందుకే పట్టువట్టి తీస్కున్న."

ఆ మబ్బు మాటకు ఆయన కారును మళ్ళీ ఒకసారి ఎగాదిగా చూశారు. నేను రంగు కలిపి, నమూనా పలక మీద కొట్టి, ట్యూబులైటు కింద తలుపు పక్కన పెట్టాను. సరిగ్గా కలిసింది. ఆయన కారునూ పలకనూ ఎండలోకి తీసుకెళ్ళారు. అక్కడ కొంచెం నీలం తేలింది. మళ్ళీ కలిపాను, మళ్ళీ తేలింది. విసుగొచ్చి, "మీకు నచ్చని రంగేగా మేస్త్రీ గారూ, ఇంత పట్టింపెందుకు?" అన్నాను.

"నాకు నచ్చకుంటేంది బిడ్డా, ఆమెకు నచ్చింది గద. తేడా వస్తే దినాం ఆమె కంటికే గుచ్చుకుంటది."

నాలుగోసారికి కుదిరింది. సాయంత్రం ఆమె తలుపు మీద అరచేత్తో నిమిరి, గీత ఎక్కడుందో కనిపెట్టలేక నవ్వింది. తలుపుకన్నా ఎక్కువ మెరిసింది యాదయ్య గారి ముఖం. ఆమె వెళ్ళాక మాత్రం, "మొగులంట," అని గొణిగి, "అయినా ఎండల జెర గట్లనే ఉన్నది," అని ఒప్పుకున్నారు.

కొన్నేళ్ళకు నేను కారు కొనుక్కున్నాను. నా మనసు మామిడిపండు పసుపు మీద ఉంది. నాన్నగారిది తెలుపు మీద. ఎటూ తేల్చుకోలేక యాదయ్య గారిని షోరూముకు రమ్మన్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

"తెలుపైతే రేపు అమ్మేటప్పుడు మంచి ధర పలుకుతుందండీ," అన్నారు నాన్నగారు.

"బిడ్డ కారు కొంటున్నది సార్, అమ్ముతలేదు గద."

నాన్నగారు పడీపడీ నవ్వారు. పసుపు కారే ఇంటికొచ్చింది. ఇప్పుడు దాన్ని కడిగేది కూడా నాన్నగారే.

యాదయ్య గారు షెడ్డు మూసేసి, బొంతపల్లి దగ్గర తన పొలం చూసుకుంటున్నారు. రంగులు కలిపే దుకాణం ఇప్పుడు నాకూ ఒకటుంది. ఎవరైనా ఒక రంగు చూపించి "బాగుంటుందా?" అని అడిగితే, వాళ్ళను ముందు ఎండలోకి పిలుస్తాను. "మీకెలా కనిపిస్తోంది?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వింటాను. ఆ తర్వాత నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. దాన్ని దాచుకోవడం మాత్రం ఆయన నాకు నేర్పలేదు.