లిస్టుల ఉన్నవా, చెల్లె

గురువారం పొద్దున్నే పాస్టరమ్మ ఫోన్ చేసి, మా కంప్యూటర్ సార్ నిద్రలోనే ప్రభువును చేరారని చెప్పింది. జ్ఞాపక కూటంలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి, ‘ఆమెన్’ అని మాత్రం అని కూర్చున్నాను. పదో తరగతి వరకే చదివినదాన్ని, రాసే అలవాటు లేదు. అయినా ఆరోజు మింగేసిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

సార్ నిజామాబాద్‌లో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పేవారు. ఆ పని మానేశాక బోధన్‌లో మా పక్కింట్లో ఒక్కరే ఉండేవారు. నేను బీడీలు చుడుతూ, ఆదివారాలు చర్చి సభ్యుల జాబితాను కంప్యూటర్‌లో చూసుకునేదాన్ని.

మా ఆయన పోయిన నెలలో, ఆయన పేరు ఎదుట ‘ప్రభువునందు నిద్రించిరి’ అని నొక్కాను. ఆదివారం పాస్టరు గారు గతించినవారి పేర్లు చదువుతూ, మా ఆయన పేరు తర్వాత నా పేరు చదివారు. నేను మూడో బెంచీలో కూర్చునే ఉన్నాను. ఎవరూ తల తిప్పలేదు. నేనూ లేవలేదు. నిజమేనేమో అనిపించింది.

వెనక నుంచి సార్ అన్నారు: “పాస్టర్ గారు, చెల్లె గీడనే ఉన్నది. గంత తొందరేంది?”

అందరూ నవ్వారు. మా ఆయన పోయాక నేను నవ్వింది అప్పుడే.

సాయంత్రం తప్పు చేశానని ఏడిస్తే సార్ ఓదార్చారు. “తప్పు నీది కాదు. ఈ ప్రోగ్రాం రాసినోడు మీ ఇంటికంత ఒక్కటే డబ్బా పెట్టిండు. దాన్ని ఆబ్జెక్ట్ అంటరు. ఆయన కోసమని డబ్బాను మార్చినవ్, లోపల నువ్వు గూడ మారినవ్.”

తర్వాత ఆయనే ఆ ప్రోగ్రామును ఫంక్షనల్ పద్ధతిలో మళ్లీ రాసి, జాబితాను మా ఆయన పోకముందు ఉన్నట్టు పెట్టి, నాతో మళ్లీ నొక్కించారు. నాకు అర్థం కాకపోతే, బీడీ ఆకు కత్తిరించడానికి కొలతగా పెట్టుకునే రేకు ముక్కను నా చేటలోంచి తీసుకున్నారు.

“ఫంక్షన్ గిదే. ఏ ఆకు పెట్టినా ఒక్కటే కొలత. పోయిన ఆకును యాది పెట్టుకోదు.”

“మరి ఆకు తెగుతది గద సార్?”

రేకును మళ్లీ చేటలో పెట్టేశారు. “నా దాంట్ల తెగది. పాత లిస్టు గట్లనే ఉంటది. దాన్ని చూసి కొత్తది తయారైతది.”

ఉద్యోగాలకు ఆబ్జెక్టుల పద్ధతే అడుగుతున్నారని ఆయన దగ్గరి పిల్లలు వేరే చోటికి వెళ్లిపోయేవారట. “రెండు నేర్చుకోండ్రి అన్న. ఇనలే,” అనేవారు, కోపం లేకుండా.

పాత జాబితా తెరిస్తే మా ఆయన పేరు పక్కన నా పేరు ఇప్పటికీ ఉంటుంది. చాలా ఆదివారాలు దాన్ని చూస్తూ కూర్చున్నాను. సార్ చూసీ చూడనట్టు ఉండేవారు. ఇంటికి వచ్చాక మాత్రం గోడ అవతలి నుంచి అడిగేవారు.

“చెల్లె, లిస్టుల ఉన్నవా?”

“ఉన్న సార్.”

కొన్ని వారాల్లో నాతో ఎవరైనా మాట్లాడిన మాట అదొక్కటే.

ఈ ఆదివారం ఆయన పేరు ఎదుట నేనే నొక్కవలసి వచ్చింది. నొక్కితే ఇక నన్ను అడిగేవారు ఉండరు. ప్రార్థన చేసుకుని నొక్కాను. కొత్త జాబితా వచ్చింది. అందులో నేనున్నాను, సార్ లేరు. మా ఆయన ఉన్న ఆ పాతదాంట్లో ముగ్గురం ఉన్నాం.

ఈ కాగితాలను చర్చి బీరువాలో, పాత రిజిస్టరు అట్ట లోపల పెడుతున్నాను. మీలో ఎవరికి దొరికినా చదువుకుని అక్కడే ఉంచండి. కూటంలో వినిపించవద్దు.

సార్ పేరు నొక్కిన రోజు ఇంటికి వచ్చి తాళం తీస్తూ గోడ వైపు చూశాను. ఎవరూ అడగలేదు.

“ఉన్న సార్,” అన్నాను.