గుంటకి బాగోనేదు

2022 నవంబరులో అరకు దగ్గర ఒక కాఫీ పల్పింగ్ యూనిట్‌లో మేనేజర్‌గా చేరాను. పల్పింగ్ అంటే పండిన కాఫీ పండు తొక్క వలిచి గింజను వేరు చేయడం. మాది తెనాలి వైపు. మెషీన్ల సంగతి బాగా తెలుసు, మనుషుల సంగతే తెలియదు. కోపం ముక్కు మీదే ఉండేది. మేనేజరన్నాక గొంతు పెద్దది చేయాలని అప్పట్లో నా గట్టి నమ్మకం.

షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్లు సార్టింగ్ చేసేవారు, అంటే పచ్చికాయలు, పుచ్చుపళ్లు ఏరి పక్కన పెట్టడం. వాళ్లకి లీడర్ చిలకమ్మ. ఆమె కళ్లుగప్పి ఒక్క పచ్చికాయ కూడా మెషీన్‌లోకి వెళ్లేది కాదు. షెడ్డు వెనక పల్పింగ్ నీళ్లు వదిలే పెద్ద గుంట ఉండేది. దాని బాగోగులు చూసేదీ ఆమే. అది పొంగి పక్క చేలల్లోకి పోయిందంటే మా యూనిట్‌కి తాళం పడినట్టే. అందుకే ఆ గుంటంటే నాకు హడలు.

ఒక సోమవారం పొద్దున్నే చిలకమ్మ ఫోన్ చేసింది. కొండల్లో సిగ్నల్ సంగతి తెలిసిందే కదా. "సార్... గుంటకి... బాగోనేదండి... రానేను" అన్నంతవరకే వినిపించి లైను తెగిపోయింది.

గుంట పొంగిందనుకున్నాను. తాపీమేస్త్రి అప్పలనాయుడిని వెంటబెట్టుకుని షెడ్డు వెనక్కి పరుగెత్తాను. గుంట నిక్షేపంగా ఉంది. గట్టు గట్టిగా ఉందో లేదోనని కర్రతో పొడిచి చూశాను. ఎందుకైనా మంచిదని చుట్టూ సున్నం చల్లించి, పైన రేకు కప్పించాను. ఆ తర్వాత కోపం నషాళానికంటింది. పని ఎగ్గొట్టడానికి ఇంత అబద్ధమా అనుకుని, ఆ మధ్యాహ్నమే లీడర్ పని ఇంకొకామెకి అప్పగించేశాను.

బుధవారం చిలకమ్మ వచ్చింది. నిద్ర లేక కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. అది చూసి కూడా నేను ఆగలేదు. అందరి ముందూ మొదలుపెట్టాను.

"నీ గుంటని నేను స్వయంగా చూశాను. దానికేం రోగం లేదు."

"మీరెప్పుడు సూసినారు బాబూ?"

"సోమవారమే. కర్రతో పొడిచి మరీ చూశాను."

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి.

"గుంటని పొడిసినారా?"

"పొడవకుండా ఎలా తెలుస్తుంది? సున్నం చల్లించి, పైన రేకు కూడా కప్పించాను."

అప్పలనాయుడు వెనక నుంచి వచ్చి నా చొక్కా లాగాడు. అతనిది శృంగవరపుకోట. "ఆగండి సార్. మా వైపు గుంటంటే ఆడపిల్లండి. ఆళ్ల పాపకి ఒంట్లో బాగోనేదని సెప్పిందావిడ."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. చిలకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "జొరం దిగింది బాబూ. నిన్ననే ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. తమరు సున్నం ఏసుంటే ఇంకా బేగి తగ్గేదేమో."

నేనూ నవ్వాను గాని సిగ్గుతో చచ్చిపోయాను. బిడ్డ ఆస్పత్రిలో పడి ఉంటే, తల్లిని ఒక్క మాట అడక్కుండా ఆమె పని లాగేసుకున్నాను. క్షమాపణ చెబుదామని నా గదిలోకి రమ్మన్నాను. ఆమె కదల్లేదు.

"గదిలో ఎందుకు బాబూ? తిట్టింది ఇక్కడ కదా."

నిజమే. అందరి ముందూ నిలబడి తప్పు నాదేనని చెప్పాను. లీడర్ పని తిరిగి ఇచ్చేశాను. ఆ రెండు రోజులూ లీడర్‌గా ఉన్నామె "హమ్మయ్య" అనేసింది. దానికి ఇంకోసారి నవ్వులు.

పది రోజుల తర్వాత సార్టింగ్ చేసేవాళ్లలో ఒకామె తనంతట తానే నా దగ్గరికి వచ్చింది. "సార్, నిన్నటి పళ్లు ఇయ్యాల్టి బుట్టల్లో కలిపేసినాను. తప్పు నాదే" అంది. నిలవ పళ్లు కలిస్తే కాఫీకి పులిసిన వాసన వచ్చి మొత్తం లాటు పాడవుతుంది. వెంటనే ఆ నాలుగు బుట్టలూ పక్కకి తీయించాం, మిగతాదంతా దక్కింది. అంతకుముందైతే నా నోటికి జడిసి ఆమె ఆ మాట కడుపులోనే దాచుకునేది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కోపం నాకు ఇప్పటికీ పోలేదు. కాకపోతే అది వచ్చినప్పుడు ముందు "ఏటయింది?" అని అడిగి, ఎదుటి మనిషి చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటున్నాను. అంతా విన్నాక, తిట్లు తినాల్సింది నేనేనని చాలాసార్లు తేలుతోంది.